దిండి హౌస్‌బోట్‌కి ఈఎంఐ ఎందుకండి?

రాజోలు దగ్గర ఊరి నుంచి ఒకావిడ పంపిన ప్రశ్న ఇది, కాస్త కుదించి ఇస్తున్నా.

"మావారు టీచర్‌గా రిటైరై రెండేళ్ళయింది, ఆయనకి 64, నాకు 58. పెన్షన్ 38 వేలు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో ఆయన పేర 15 లక్షలు వేశాం, మూడు నెలలకోసారి 27,675 పడుతోంది. సేవింగ్స్‌లో లక్షా 35 వేలున్నాయి, బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉంది, ఎకరం కొబ్బరితోట. అమ్మాయి పురుడప్పుడు నా గాజులు పెట్టి తీసుకున్న గోల్డ్ లోన్ 80 వేలు అలాగే ఉంది, 10 శాతం వడ్డీ. ఫిబ్రవరికి మా పెళ్ళయి 35 ఏళ్ళు. దిండిలో హౌస్‌బోట్‌లో రెండు రాత్రులు ఉండాలని నా కోరిక, తిండితో సహా 36 వేలు చెప్పారు. రోజూ చూసే గోదారిని డబ్బులిచ్చి చూడాలా, నీళ్ళల్లో పోసినట్టే అంటారు మావారు. అబ్బాయేమో తన కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ పెట్టేస్తా అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?"

వెళ్ళండమ్మా. రెండు రాత్రులూ ఉండండి. ఈఎంఐ మాత్రం వద్దు, ఎందుకు వద్దో చెప్తాను గానీ దానికంటే ముందు మీ లెటర్‌లో నన్ను ఆపేసిన అంకె ఒకటుంది, ఆ 27,675.

ఈ స్కీము వడ్డీ 8.2 శాతం, 15 లక్షల మీద అంటే ఏడాదికి 1,23,000, అంటే మూడు నెలలకి 30,750 పడాలి. మీకు పడేది 27,675. మధ్యలో పోతున్న 3,075 సరిగ్గా పది శాతం, అంటే టీడీఎస్, వడ్డీ చేతికివ్వకముందే పట్టుకునే పన్ను, కోస్తున్నారు. 60 దాటిన వాళ్ళకి ఏడాది వడ్డీ లక్ష దాటితే కోస్తారు, అది రూలే, పోస్టాఫీసు వాళ్ళ తప్పేం లేదు. కానీ మీవారి పెన్షన్, ఈ వడ్డీ, ఎఫ్‌డీ వడ్డీ అన్నీ కలిపినా ఆరు లక్షల చిల్లర, కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు వల్ల కట్టాల్సిన పన్ను ఏమీ ఉండదు, కొబ్బరి మీద వచ్చేది ఎలాగూ వ్యవసాయ ఆదాయం, దాని మీద పన్ను పడదు. అంటే కట్టక్కర్లేని పన్ను ఏడాదికి 12,300 ముందే కోయించుకుంటున్నారు. రిటర్న్ వేస్తే అది వెనక్కొస్తుంది, వెయ్యకపోతే రాదు. మీవారు రిటర్న్ వేస్తున్నారా లేదా అన్నది మీరు రాయలేదు, ఈ రోజే అడగండి. గడువు మామూలుగా జులై 31, అది దాటినా లేట్ ఫీజుతో డిసెంబర్ 31 దాకా వేసుకోవచ్చు. ఇంకపైన కోయకుండా ఉండాలంటే, నాకు పన్ను పడదు అని సీనియర్ సిటిజన్లు ఇచ్చే డిక్లరేషన్ ఫారం ఒకటుంది, ప్రతి ఏప్రిల్‌లో పాస్‌బుక్, పాన్ కార్డు పట్టుకెళ్ళి ఇచ్చి రమ్మనండి, ఈ ఏడాదికి ఇవ్వకపోతే ఇప్పుడైనా ఇవ్వచ్చు, మిగిలిన క్వార్టర్లకి పనికొస్తుంది.

రెండోది మీ గాజులు. సేవింగ్స్‌లో పడున్న లక్షా 35 వేలకి పోస్టాఫీసు ఇచ్చేది 4 శాతం, మీరు గోల్డ్ లోన్‌కి కడుతున్నది 10 శాతం, అంటే ఒక చేత్తో 4కి ఇచ్చి ఇంకో చేత్తో 10కి తెచ్చుకుంటున్నారు. ఇలా చాలా ఇళ్ళల్లో చూస్తాను, చేతిలో క్యాష్ ఉండాలి అన్న ధైర్యం కోసం ఉంచుకుంటారు, అది నాకు అర్థమవుతుంది, కానీ ఆ ధైర్యానికి మీకు 3 లక్షల ఎఫ్‌డీ ఉందిగా, అవసరం పడితే కొంచెం పెనాల్టీతో ఏ రోజైనా తీసుకోవచ్చు. కాబట్టి 80 వేలు కట్టేసి గాజులు విడిపించుకోండి. ఏడాదికి 8 వేల వడ్డీ కట్టడం తప్పుతుంది. సేవింగ్స్‌లో ఇంకో 55 వేలుంటాయి, వాటిని ముట్టుకోకండి. ఫిబ్రవరిలో బోటు ఎక్కేటప్పుడు ఆ గాజులు మీ చేతికే ఉండాలి.

బోటుకి డబ్బులెక్కడివి అంటే, స్కీము వడ్డీ ఏప్రిల్, జులై, అక్టోబర్, జనవరి ఒకటో తారీఖుల్లో పడుతుంది కదా, అక్టోబర్‌లో పడేది అలాగే పక్కన పెట్టేయండి, జనవరిలో పడేదాంట్లోంచి ఒక తొమ్మిది వేలు కలిపితే సరిపోయింది. 15 లక్షల అసలు కదలదు, ఎఫ్‌డీ కదలదు. కొబ్బరి దింపు డబ్బులు మాత్రం దీనికి లెక్కేసుకోవద్దు, అంబాజీపేట మార్కెట్‌లో కాయ ధర ఎప్పుడు లేస్తుందో ఎప్పుడు పడుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక అబ్బాయి చెప్పిన ఈఎంఐ. ప్రేమతోనే అన్నాడు, కాదనను. కానీ నో కాస్ట్, అంటే వడ్డీ లేని వాయిదాలు, అన్నది చాలాసార్లు పేరుకే, మొత్తం ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంటు పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, బ్యాంకు వేసే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఒక్క నెల మర్చిపోతే కార్డు వడ్డీ నెలకి మూడు, మూడున్నర శాతం, ఏడాదికి నలభై పైనే. చేతిలో డబ్బున్న మీకు ఇదెందుకు? అబ్బాయి అంతగా ఇవ్వాలనుకుంటే అడ్వాన్సు కట్టమనండి, గిఫ్టుగా తీసుకోండి.

మీవారికి నేను చెప్పే మాట ఒకటే. సార్, గోదారి రోజూ చూస్తున్నారు నిజమే, సఖినేటిపల్లి రేవులో పంటు మీద బండి పట్టుకుని నర్సాపురం దాటడం, చించినాడ బ్రిడ్జి మీద పాలకొల్లు పోవడం, అన్నీ పని మీదే కదా. ఆవిడతో కలిసి ఏ పనీ లేకుండా మన గోదారి పాయ వశిష్ఠ మీద ఒక పూట కూర్చుంది ఎప్పుడు? 35 ఏళ్ళు ఇల్లు నడిపిన మనిషి అడిగింది ఇదొక్కటే, మీ ఏడాది ఆదాయంలో ఇది ఆరు శాతం కూడా లేదు. మోకాళ్ళు సహకరిస్తున్నప్పుడే వెళ్ళాలి సార్, రేవు మెట్లు దిగాలి, బోటులోకి అడుగెయ్యాలి, ఇంకో ఐదేళ్ళాగితే ఇవే కష్టమవుతాయి.

ఫిబ్రవరి మంచి టైమే, వరదలుండవు, ఎండలు ముదరవు. కానీ మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, ఆ చుట్టుపక్కల రోజుల్లో జనం బాగా ఉంటారు, మీ పెళ్ళిరోజు వాటిల్లో పడితే వారం అటూ ఇటూ జరుపుకోండి, శనాదివారాలు కాకుండా మామూలు రోజుల్లో రేటు తక్కువుంటుందేమో కూడా అడగండి. డబ్బు కట్టేముందు బోటు రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుంది, రాత్రి ఎక్కడ కడతారు, ఏసీ ఎంతసేపు, 36 వేలల్లో జీఎస్టీ కలిసిందా, వాతావరణం బాలేక బోటు తియ్యకపోతే ఎంత వెనక్కిస్తారు, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట వద్దు.

లైఫ్ జాకెట్ల సంగతి కూడా అడగండి, ఎక్కగానే వేసుకోండి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదారిలో టూరిస్టు బోటు మునిగిపోయింది మన జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. అలాగే ప్రధానమంత్రి సురక్షా బీమా మీ ఇద్దరికీ ఉందో లేదో పాస్‌బుక్‌లో చూడండి, ఏడాదికి 20 రూపాయలు, 70 ఏళ్ళ దాకా ఇస్తారు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. లేకపోతే ఆ పన్ను డిక్లరేషన్ ఫారం ఇవ్వడానికి పోస్టాఫీసుకి వెళ్ళిన రోజే ఇది కూడా రాయించేయండి, స్కీముకి నామినీగా మీ పేరుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.