పాఠకుల ప్రశ్నలు: ఈ-కామర్స్ చదువులో చూడవలసినవి

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఐసెట్ రాసి ఎంబీఏలో చేరాలనుకుంటున్నాను. డిజిటల్ వ్యాపార వ్యూహం, ఈ-కామర్స్ సాంకేతికత కలిసిన కోర్సు వైపు నాకు మనసు పోతోంది. ఇంట్లో మాత్రం ఫైనాన్స్ తీసుకోమంటున్నారు. కోడింగ్ అంతగా రాని నాకు ఈ చదువు పనికొస్తుందా? మంచి కోర్సును ఎలా గుర్తించాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తప్పక పనికొస్తుంది. అయితే కోర్సు పేరు చూసి కాక, పాఠ్యప్రణాళిక తెప్పించుకొని చదివిన తరువాతే నిర్ణయించుకోండి. సోషల్ మీడియా ప్రకటనలు, వెబ్‌సైట్ తయారీ దగ్గరే ఆగిపోయే కోర్సుకు రెండేళ్లు వెచ్చించనవసరం లేదు. వాటిని కొద్ది నెలల్లో విడిగా నేర్చుకోవచ్చు. వ్యాపార నిర్ణయాన్నీ, దాని వెనుక పనిచేసే సాంకేతికతనూ ఒకే విషయంగా బోధిస్తున్నారా లేదా అన్నదే మీరు ముఖ్యంగా చూడవలసినది.

ఒక చేనేత చీరల దుకాణం సొంత వెబ్‌సైట్‌లోనూ, ఒక పెద్ద మార్కెట్‌ప్లేస్‌లోనూ (పలువురు అమ్మకందారులు తమ సరుకు పెట్టే వెబ్‌సైట్) సరుకు పెట్టిందనుకుందాం. ఒకే ఒక్క చీర మిగిలి ఉండగా, ఇద్దరు కొనుగోలుదారులు దాన్ని ఒకే సమయంలో ఎంచుకుంటారు. ఇద్దరికీ అమ్ముడుపోకుండా ఆపేది డేటాబేస్. కానీ ఆ చీరను కార్ట్‌లో వేసుకున్నప్పుడే పక్కన పెట్టాలా, డబ్బు కట్టిన తరువాతే పెట్టాలా అన్నది ప్రోగ్రామర్ ఒక్కరే తేల్చగల విషయం కాదు. ముందే పక్కన పెడితే, కొనకుండా వెళ్లిపోయేవారి వల్ల నిజంగా కొనేవారు దూరమవుతారు. చివరి వరకు ఆగితే, డబ్బు కట్టిన మనిషికి సరుకు లేదని చెప్పి, ఆ డబ్బు తిరిగి పంపవలసి వస్తుంది. ఈ రెండింటిలో ఏ నష్టం తక్కువో లెక్కగట్టి చెప్పగలిగే మనిషిని తయారు చేయడమే ఈ చదువు చేయవలసిన పని.

ఇక్కడ మీ బీకాం మీకు పెద్ద బలం. 2007లో పుస్తకాల అమ్మకంతో మొదలైన ఫ్లిప్‌కార్ట్, 2010లో క్యాష్ ఆన్ డెలివరీ ప్రవేశపెట్టింది. కార్డు లేనివారిని, ముందే డబ్బు కట్టడానికి జంకేవారిని కూడా ఆన్‌లైన్ కొనుగోలుకు తీసుకురావడంలో ఆ పద్ధతి ఎంతో ఉపయోగపడింది. కానీ పార్సిల్ గుమ్మం దాకా వెళ్లి తిరస్కరణకు గురైతే రవాణా ఖర్చు రెండు వైపులా పడుతుంది. వంద పార్సిళ్లలో ఇరవై తిరిగివస్తే, వాటి రానుపోను ఖర్చును మిగిలిన ఎనభై అమ్మకాలే మోయాలి. కమీషన్, ప్యాకింగ్, ప్రకటనల ఖర్చు కూడా కలుపుకొని ఒక్కో ఆర్డరు మీద నిజంగా ఎంత మిగులుతోందో తేల్చగలవారు ఏ సంస్థకైనా అవసరమే. అందువల్ల ఫైనాన్స్‌కూ దీనికీ పోటీ పెట్టకండి. ఈ కోర్సులో చేరినా కాస్టింగ్, ఫైనాన్స్ ఎలక్టివ్‌లు వదలవద్దు. ఇంట్లోవారికీ ఇదే మాట చెప్పవచ్చు.

పాఠ్యప్రణాళికలో భారతదేశపు నియమాలు ఉన్నాయో లేదో కూడా చూడండి. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్ తానే సరుకు కొని వినియోగదారులకు అమ్మడానికి మన ఎఫ్‌డీఐ నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు. 2018 డిసెంబరులో ఆ నిబంధనలను కేంద్రం మరింత బిగించింది. యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి నుంచి ఎండీఆర్ (చెల్లింపు స్వీకరించినందుకు వ్యాపారి కట్టే రుసుము) వసూలు చేయకూడదన్న విధానం 2020 జనవరి నుంచి ఉంది. అందుకే చెల్లింపుల యాప్‌లు ఆదాయం కోసం రుణాలు, బీమా వంటి సేవల వైపు చూస్తున్నాయి. 2021 చివరలో ఏర్పాటైన ఓఎన్‌డీసీలో (వేర్వేరు యాప్‌లను కలిపే ఉమ్మడి ఆన్‌లైన్ వ్యాపార నెట్‌వర్క్) కొనేవారి యాప్, అమ్మేవారి యాప్ వేరువేరుగా ఉండవచ్చు. మరి సరుకు పాడై వస్తే బాధ్యత ఎవరిది? ఇలాంటి చర్చ తరగతిలో జరగాలి. అమెరికా కంపెనీల కథలు మాత్రమే చెప్పే కోర్సులో చేరితే ఇక్కడి వ్యాపారం అర్థం కావడం కష్టం.

ఇక కోడింగ్ గురించి భయపడకండి. డేటాబేస్ నుంచి కావలసిన వివరాలు తీయడానికి ఎస్‌క్యూఎల్ అనే భాష, ఒక మార్పు వల్ల అమ్మకాలు నిజంగా పెరిగాయా లేక యాదృచ్ఛికమా అని తేల్చడానికి తగినంత స్టాటిస్టిక్స్ చేరేలోపే మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తున్నాను. ఇదే విషయంలో ఆన్‌లైన్ ఎంబీఏ చేస్తే ఆ డిగ్రీ చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: యూజీసీ గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టం చేసింది. సర్టిఫికెట్ కోర్సులకు ఇది వర్తించదు. రుసుము కట్టే ముందే యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో విశ్వవిద్యాలయం పేరుతోపాటు, మీరు చేరబోయే కోర్సూ, ఆ విద్యా సంవత్సరమూ ఉన్నాయో లేవో సరిచూసుకోండి.