మొద్దు చుట్టూ తేనెరంగు పుట్టగొడుగులు: కూర చేయనా మాస్టారూ?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. కూతురి కాన్పుకని అమెరికాలో మిచిగాన్ వచ్చి మూడు నెలలైంది. ఇంటి వెనక అంతా అడవే. మొన్న వాన వెలిశాక, ఎప్పుడో కొట్టేసిన ఓక్ చెట్టు మొద్దు చుట్టూ గుత్తులు గుత్తులుగా తేనెరంగు పుట్టగొడుగులు లేచాయి. కాడకు ఉంగరంలా చిన్న పట్టీ ఉంది. ఫోటో చూసి అల్లుడి స్నేహితుడు ‘హనీ మష్రూమ్, తినేదే’ అన్నాడు. దుర్గం కొండ కింద పుట్టగొడుగులు ఏరడంలో ఊళ్ళో నాకు పేరుంది. బాలింతకు పెట్టనులెండి, నేనూ అల్లుడూ తింటాం. కూర చేయనా?
— ఉదయగిరి పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదు కాబట్టి మీ ఉత్తరం చూసిన రోజే ఫోన్‌లో ఈ మాట పంపాను. ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

మీ నేర్పు మీద నాకు అనుమానం లేదు. కానీ దుర్గం కింద మీరు ఏరేది చెదలపుట్ట దగ్గర లేచేదాన్ని. జాగ్రత్తగా పెకలిస్తే కాడ కింద పొడుగ్గా తోక వస్తుంది చూడండి, అది పుట్ట లోపల చెదలు పెంచుకునే బూజుతోట నుంచి వచ్చిందే. అంటే సగం గుర్తు మీకు ఆ పుట్టే చెప్పేస్తోంది. అలా తోట పెంచే చెదలు ఆసియా, ఆఫ్రికాల్లో ఉన్నాయి గానీ అమెరికాలో లేవు. ఉదయగిరిలో మీరు నేర్చుకున్నదాన్ని విమానంలో మీతో తీసుకెళ్ళారు, పుట్టను తీసుకెళ్ళలేదు.

మీరు చెప్పిన రంగు, గుత్తి, ఉంగరం మూడూ తేనె పుట్టగొడుగుకు సరిపోతాయి. శాస్త్రంలో పేరు ఆర్మిల్లేరియా. రష్యా, పోలండ్, ఇటలీ వాళ్ళు ఇష్టంగానే తింటారు, కాకపోతే ముందు బాగా ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తారు. పచ్చిగా గానీ సగం ఉడికించి గానీ తింటే కడుపు చెడుతుంది. బాగా ఉడికించినా కొందరికి పడదు. అయితే నేను భయపడింది దానికి కాదు. గేలెరినా అని గోధుమరంగుది ఇంకొకటుంది. దానికీ ఉంగరం ఉంటుంది, అదీ కుళ్ళే చెక్క మీదే వస్తుంది. ఒకే మొద్దు మీద రెండూ పక్కపక్కన లేవగలవు. దాని విషం కాలేయాన్ని తినేస్తుంది. తిన్న ఆరు గంటలకో పన్నెండు గంటలకో గానీ వాంతులు, విరేచనాలు మొదలుకావు. తర్వాత కాస్త తెరిపి ఇస్తుంది. తగ్గిపోయిందని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, లోపల కాలేయం మాత్రం చెడిపోతూనే ఉంటుంది. ఫోన్‌లో ఫోటో చూసి ఈ రెండింటినీ విడదీయడం నా వల్ల కాదు, అల్లుడిగారి స్నేహితుడి వల్లా కాదు.

నా భాగోతం కూడా చెప్పుకోవాలి. కావలిలో వృక్షశాస్త్రం చెప్పే రోజుల్లో, కార్తీక మాసం వానలకు మైదానంలో పళ్ళెమంత తెల్లటి గొడుగులు లేచాయి. ఇంటికి తెచ్చాను. విషముంటే వెండి నల్లబడుతుందంటారుగా, మా ఆవిడ వెండి ఉగ్గుగిన్నె వేసి ఉడికించింది. నల్లబడలేదు. తెల్లగడ్డ వేసింది. అదీ రంగు మారలేదు. ఇంకేం, కారం పెట్టి వేయించుకుని తిన్నాం. రెండు గంటలు తిరక్కుండా ఇద్దరం వాంతులతో ఆస్పత్రిలో ఉన్నాం. మాస్టారు పుట్టగొడుగు తిని పడ్డాడని పిల్లలు ఏడాది పాటు నవ్వారు. ఇంటికొచ్చాక, మిగిలిన ఒక గొడుగును తెల్ల కాగితం మీద బోర్లించి గిన్నె మూశాను. తెల్లారేసరికి కాగితం మీద పాచిరంగు పొడి. పొడి పచ్చగా రాలే ఆ రకం వాంతులకు పేరుమోసిందే. వెండికీ తెల్లగడ్డకూ ఈ విషాల సంగతి తెలియదమ్మా.

సరదాకి మీరూ ఆ పని చేసి చూడండి, సగం తెలుపు సగం నలుపు కాగితం మీద. తేనె పుట్టగొడుగుది తెల్లటి పొడి, గేలెరినాది తుప్పురంగు. తెల్లగా రాలింది కదా అని పొయ్యి వెలిగించకండి. తెల్లపొడి రాల్చే విషపువి కూడా ఉన్నాయి.

తినడం మానేస్తే చూడ్డానికి మాత్రం బోలెడుంది. ఆ మొద్దు బెరడు కాస్త లేపి చూడండి. అది తేనె పుట్టగొడుగే అయితే నల్ల మొలతాడులాంటి పోగులు కనిపించవచ్చు. అసలు ప్రాణి అది. పైన లేచింది దాని కాయ మాత్రమే. ఆ తాళ్ళు మట్టిలో పాకుతూ ఒక చెట్టు వేరు నుంచి ఇంకో చెట్టు వేరుకు పోతాయి. ఈ బూజు పట్టిన చెక్క కటిక చీకట్లో సన్నగా మెరుస్తుంది కూడా. మీరున్న రాష్ట్రంలోనే, క్రిస్టల్ ఫాల్స్ ఊరి దగ్గర, దీని తోబుట్టువు జాతి ఒకటుంది. 1992లో దాన్ని ప్రపంచానికి చూపించారు. 2018లో మళ్ళీ కొలిస్తే ఒకే ఒక్క బూజు కనీసం 90 ఎకరాలు ఆక్రమించి ఉంది. వయసు కనీసం 2,500 ఏళ్ళు, బరువు సుమారు 4 లక్షల కిలోలని లెక్క వేశారు. అంతా ఒకటేనని ఎలా తెలిసిందంటారా? వేరువేరు చోట్ల ముక్కలు తెచ్చి ఒకే గిన్నెలో పెంచితే, పరాయివైతే మధ్యలో గట్టు కట్టుకుంటాయి, ఒకటే అయితే కలిసిపోతాయి. తర్వాత జన్యువులూ చూశారు. ఆరెగాన్‌లోది ఇంకా పెద్దది, దాదాపు 2,400 ఎకరాలు. అల్లుడిగారికి సెలవు దొరికితే క్రిస్టల్ ఫాల్స్ చూసి రండి. భూమిపైన చూడ్డానికి ఏమీ ఉండదు, అది ముందే చెబుతున్నా.

ప్రశ్న: మా నిమ్మచెట్టు మొదట్లో చెక్కలా గట్టిగా, వార్నిష్ పూసినట్టు ఎర్రటి గొడుగు వచ్చింది. కోసి పారేస్తే సరిపోతుందా?
— పొదలకూరు రైతు

జవాబు: గానోడెర్మా అని, చెక్కను కుళ్ళబెట్టే బూజు కావచ్చు. కాయ కోస్తే చెట్టు చావదు కదా, ఇదీ అంతే. గొడుగు బయటపడేసరికే లోపల చెక్క చాలావరకు కుళ్ళి ఉంటుంది. చెట్టు పూర్తిగా పోతే వేళ్ళతో సహా తవ్వి కాల్చేయండి, మొద్దును వదిలిపెట్టొద్దు. ట్రాక్టరుతో మొదళ్ళ దగ్గర దున్ని వేళ్ళు కోయకండి, పాదుల్లో నీళ్ళు నిలవనీయకండి. వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మజాతి పరిశోధన కేంద్రం ఉంది. ఆ గొడుగు ముక్కా, వేరు ముక్కా సంచిలో వేసుకుని వెళ్ళి చూపించండి. ఉత్తరం చదివి నేను చెప్పేదానికంటే అది నయం.

ప్రశ్న: ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మా అవ్వ అంటుంది. నిజమా?
— కనిగిరి విద్యార్థి

జవాబు: ఉరుము వెంట వచ్చే వానదే ఎక్కువ పాత్ర. అయితే జపాన్‌లో ఇవాతే విశ్వవిద్యాలయం వాళ్ళు పుట్టగొడుగులు పెంచే దుంగలకు క్షణకాలం పెద్ద కరెంటు షాక్ ఇచ్చి చూస్తే కొన్ని రకాల్లో దిగుబడి బాగా పెరిగింది. ఈ సంగతి మీ అవ్వకు చెప్పావంటే ఇక ఆమెతో వేగలేవు.