ఆక్సీకోడోన్ ఆపి గంజాయి గమ్మీ మొదలుపెట్టాక నాన్నగారికి నిద్ర లేదు: సమాధానం

ఆక్సీకోడోన్ ఆపి గంజాయి గమ్మీ (నమిలే మిఠాయి) మొదలుపెట్టాక నాన్నగారికి నిద్ర పట్టట్లేదని అడిగారు. అది గమ్మీ పని చేయక కాదు. మూడేళ్లుగా వాడుతున్న ఆక్సీకోడోన్ (ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహా నొప్పి మాత్ర) ఒక్కసారిగా ఆపేయడం వల్లే అయ్యుంటుంది. మీరు రాసిన చెమటలు, విరేచనాలు, ఆవులింతలు, నడుము నొప్పి రెట్టింపు కావడం, ఇవన్నీ విత్‌డ్రాయల్ లక్షణాలే, అంటే అలవాటైన మందు ఆగినప్పుడు శరీరం పడే ఇబ్బందులు.

అందరూ వదిలేసే మెట్టు ఇదే: నెమ్మదిగా తగ్గించడం. ఆ మాత్ర ఓపియాయిడ్ రిసెప్టర్ల (శరీరంలో ఆ మందు అతుక్కునే చోట్ల) మీద పని చేస్తుంది, గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ వేరే రిసెప్టర్ల మీద. ఒకదాని లోటు రెండోది పూడ్చలేదు. ఏడాదికి పైగా వాడినవాళ్లు నెలకు 10 శాతం, లేదా ఇంకా నిదానంగా తగ్గిస్తే తట్టుకోగలరని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాల్లో ఉంది.

1. ఈరోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఎప్పుడు ఆపారో, గమ్మీ సంగతేంటో రెండూ చెప్పండి. దాచినా పెయిన్ క్లినిక్ మూత్ర పరీక్షలో బయటపడుతుంది.

2. పాత డోసు మీ అంతట మీరే మళ్లీ ఇవ్వకండి. గ్యాప్ వస్తే శరీరానికి ఆ అలవాటు తగ్గుతుంది, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఓపియాయిడ్ డోసు ఎక్కువైతే విరుగుడుగా ముక్కులో కొట్టే నాలోక్సోన్ స్ప్రే ఇంట్లో ఉంచండి.

3. గమ్మీ ఎక్కడానికి రెండు గంటలు కూడా పట్టొచ్చు. "ఏం తెలియట్లేదే" అని ఇంకోటి వేయకండి. మా మావయ్య అలాగే వేసుకుని సాయంత్రం దాకా సోఫా దిగలేదు.

4. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతుంటే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) చేయించండి, గమ్మీ వల్ల అది పెరగొచ్చు.

వాంతులు ఆగకపోయినా, మాట తేడాగా ఉన్నా 911కి చేయండి.

మిగిలిన గమ్మీలు ఇండియా బ్యాగులో మాత్రం పెట్టకండి. న్యూజెర్సీ వైద్య గంజాయి కార్డు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చెల్లదు.