రేడాన్ చట్టానికి పరిమితి ఒక్కటే చాలదు

ఇళ్లలోకి చేరే రేడాన్ అనే హానికర రేడియోధార్మిక వాయువుకు ఘనపు మీటరు గాలికి 300 బెకెరెల్‌ల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) పరిమితి పెట్టి, అది దాటిన ఇంటి యజమానికి జరిమానా వేస్తే మీ చట్టం ముసాయిదా సరిపోతుందా అని అడిగారు. సరిపోదని నా అభిప్రాయం. జరిమానా భయం ఉంటే యజమాని అసలు కొలిపించడు. రేడాన్‌కు రంగూ వాసనా లేవు కనుక, కొలవని ఇంట్లో అది ఉందని ఎవరికీ తెలియదు. ఐరోపా సమాఖ్య 2013 నాటి ఆదేశం కూడా 300ను శిక్షకు గీతగా కాక, చర్యలను ప్రోత్సహించవలసిన గరిష్ఠ సూచిక స్థాయిగానే పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో, వీలైన చోట ఈ సూచిక స్థాయి 100 ఉండాలని సూచించింది.

అసలు బలం కొత్త నిర్మాణాల నిబంధనల్లో ఉండాలి. నేలలోని యురేనియం క్షయంతో పుట్టే ఈ వాయువు పునాది పగుళ్ల గుండా, గొట్టాల చుట్టూ ఉన్న సందుల గుండా లోపలికి చేరుతుంది కాబట్టి, గచ్చు కింద కంకర పరుపు, దానిపై గాలి చొరని పొర, అక్కడి నుంచి పైకప్పు దాటే గొట్టం తప్పనిసరి చేయండి. తరువాత అవసరమైతే ఆ గొట్టానికి ఫ్యాను బిగించడం తేలిక.

పాత ఇళ్లకు, అమ్మకం వేళ కొలత ఫలితం వెల్లడించాలన్న నియమం చాలు. అద్దె ఇళ్ల సంగతి వేరు: ఆ గాలి పీల్చేది ఒకరు, ఖర్చు పెట్టవలసింది మరొకరు. కనుక బాధ్యత యజమానిదేనని రాసి, కొలిపించమని అడిగినవారిని ఖాళీ చేయించకుండా రక్షణ కల్పించండి.

కొలత వ్యవధిని కూడా చట్టంలోనే చెప్పండి. రేడాన్ స్థాయి రోజురోజుకూ, రుతువును బట్టీ మారుతుంది. రెండు రోజుల కొలతపై ఆధారపడకుండా, కనీసం మూడు నెలల సగటు అడగండి.