టమాటా అడుగు కుళ్ళు: తెగులు కాదు, తడుల తేడా

ప్రశ్న: మదనపల్లె దగ్గర ఎర్రనేలలో ఎకరంన్నర హైబ్రిడ్ టమాటా వేశాను. తోట వయసు 60 రోజులు. కాయ సగం సైజుకు రాగానే అడుగున నీరు పట్టినట్టు మచ్చ పడి, తర్వాత నల్లగా, తోలులా అణిగిపోతోంది. బూజు తెగులనుకొని కార్బెండజిమ్–మాంకోజెబ్ మిశ్రమం, స్ట్రెప్టోసైక్లిన్, ఇమిడాక్లోప్రిడ్ కలిపి వారంలో రెండుసార్లు కొట్టాను. తగ్గలేదు. పైగా లేత ఆకులు పసుపు తిరిగాయి. ఇప్పుడు దుకాణంలో కాల్షియం లోపం అంటున్నారు. ఇంట్లో గేదెకు తాగించే కాల్షియం సీసా ఉంది, దాన్నే పిచికారీ చేయవచ్చా? బోరులో నీళ్లు తగ్గి అయిదు రోజులకోసారి డ్రిప్పు వదులుతున్నాను. యూరియా రెండు బస్తాలు వేశాను.

జవాబు: గేదె సీసాను గేదెకే ఉంచండి. అందులో కాల్షియంతో పాటు భాస్వరం, విటమిన్ డి, తీపి పాకం ఉంటాయి. విటమిన్ డి పేగులో కాల్షియం ఇంకడానికి. మీ టమాటాకు పేగు లేదు. తీపి మాత్రం ఆకుమీద మిగిలి చీమలనూ మసిలాంటి నల్ల బూజునూ పిలుస్తుంది.

ఇది తెగులు కాదు. మచ్చ ఎప్పుడూ పూత రాలిన కొననే పడుతోంది, పొడిగా ఉంది, ఒక కాయ నుంచి పక్క కాయకు అంటుకోవడం లేదు. ముదిరిన మచ్చ మీద నల్లని బూజు కనిపిస్తే అది చచ్చిన కండ మీదికి తర్వాత వచ్చిన చుట్టం, కారణం కాదు.

మీరు కలిపి కొట్టిన డబ్బాల సంగతి చెప్పాలి. కార్బెండజిమ్ శిలీంధ్ర కణం రెండుగా చీలకుండా ఆపుతుంది. స్ట్రెప్టోసైక్లిన్ బాక్టీరియా కణంలోని రైబోజోముల మీద పనిచేసి ప్రోటీన్ల తయారీని చెడగొడుతుంది. ఇమిడాక్లోప్రిడ్ పురుగు నాడీకణాల మీద పడుతుంది. అంటే ఒకటి శిలీంధ్రానికి, ఒకటి బాక్టీరియాకు, ఒకటి జంతువుకు. దెబ్బతిన్నది మాత్రం మొక్క కణం. దాని కోసం ఒక్క చుక్కా కొట్టలేదు! ఆకుల పసుపుకు కూడా కొంత కారణం ఈ పిచికారీయేనని నా అనుమానం. ఆకును పచ్చగా ఉంచే హరితరేణువుల్లోని రైబోజోములు బాక్టీరియా రైబోజోములనే పోలి ఉంటాయి. అక్కడికి గురిపెట్టిన మందు ఇక్కడా తగులుతుంది. కాల్షియం మాట ఆ దుకాణదారు మొదటి రోజే అనివుంటే మీకు మూడు మందుల బిల్లు తప్పేది. అమ్ముకునేవాడు వైద్యం చెబితే వైద్యం పొడుగవుతుంది, నేను ముప్పై సార్లు చెప్పిన మాటే ఇది.

కాయలో జరిగింది ఇదీ. మొక్క కణానికి, దాన్ని చుట్టి ఉండే పల్చని ప్లాస్మా పొర బయట, కణకవచం అనే గోడ ఉంటుంది, జంతుకణానికి ఉండదు. రాళ్ల మధ్య సున్నం పెట్టి గోడ లేపినట్టు, కణానికీ కణానికీ మధ్య జిగురులా ఉన్న పెక్టిన్‌ను బిగించి పట్టేది కాల్షియం. లోపలి పొరలు కారకుండా చూసేదీ అదే. కణం మధ్యలో రిక్తిక ఉంటుంది. పేరుకు రిక్తమే గాని, ఎదిగిన కణంలో నూటికి 80–90 వంతులు ఆక్రమించే రసపు తిత్తి అది. కాయ ఉబ్బేది ఆ తిత్తి నీరు తాగడం వల్లనే. కాయ వేగంగా ఉబ్బే రోజుల్లో కాల్షియం అందకపోతే పొరలు కారతాయి, రసం బయటికొస్తుంది, కణం చస్తుంది. ఆ రసం ఎంజైములతో, గాలితో కలిసి నల్లబడుతుంది. కోసిన వంకాయ ముక్క నల్లబడటం మీ ఇంట్లో రోజూ చూసేదే.

నేలలో కాల్షియం ఉన్నా ఈ గతి పట్టవచ్చు. కాల్షియం వేరు నుంచి పైకి నీటితోనే ప్రయాణిస్తుంది. ఆకుకు రంధ్రాలున్నాయి, ఎండకు నీటిని ఆవిరి చేస్తూ లాగుకుంటుంది. టమాటా తొక్కకు రంధ్రాలు దాదాపు ఉండవు, కాబట్టి లాగే బలం లేదు. అయిదు రోజులు ఎండబెట్టి ఒక్కసారి ముంచితే వచ్చిందంతా ఆకులే తీసుకుంటాయి, కాయ కొన అందరికంటే చివర. ఆకులో చేరింది మళ్లీ కాయకు రాదు. గేదెకు తక్కువైతే ఎముకల్లోంచి రక్తంలోకి తెచ్చుకుంటుంది. మొక్క ముదురాకుకు ఇచ్చింది తిరిగి తీసుకోదు. పైగా యూరియా నేలలో ముందు అమ్మోనియంగా మారి, వేరు దగ్గర కాల్షియంతో పోటీ పడుతుంది. రెండు బస్తాలు ఎవరు వేయమన్నారు?

ఇప్పుడు చేయవలసినవి. అయిదు రోజులకు ఇచ్చే నీటినే అయిదు వాటాలు చేసి రోజూ ఉదయం ఇవ్వండి. అదనపు నీరు అక్కరలేదు. మొక్కల మొదళ్లలో వేరుశనగ పొట్టు గాని వరిగడ్డి గాని రెండంగుళాల మందాన పరవండి. యూరియా ఆపండి. పొటాష్ కూడా అవసరానికి మించి వద్దు. డ్రిప్పులో కాల్షియం నైట్రేట్ ఎకరాకు వారానికి 3 కిలోల చొప్పున మూడు వారాలు వదలండి. అదే ట్యాంకులో భాస్వరం, సల్ఫేటు ఎరువులు కలపవద్దు. గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. పిచికారీ చేయాలంటే లీటరు నీటికి 5 గ్రాముల కాల్షియం నైట్రేట్, ఉసిరికాయంత లేత కాయల గుత్తులు తడిసేలా, సాయంత్రం పూట, 10 రోజుల తేడాతో రెండుసార్లు. అంతకు మించి వద్దు. పెద్ద కాయలోకి తొక్క గుండా పోయేది స్వల్పం, కనుక పిచికారీ మీద ఆశ తక్కువ పెట్టుకొని నీటి మీద ఎక్కువ పెట్టుకోండి. నల్లబడిన కాయలు బాగుపడవు, కోసి పారేయండి. మంచి కాయలను కూడా, కొట్టిన మందుల డబ్బాల మీద కోతకు ముందు ఎన్ని రోజులు ఆగమని ఉందో అన్ని రోజులు ఆగాకే కోయండి.

మట్టి పరీక్ష చేయించానని చాలామంది నేల ఆరోగ్య కార్డు చూపిస్తారు. 2015లో మొదలైన ఆ కార్డులో ఉండేవి 12 అంశాలు. కాల్షియం వాటిలో లేదు. విడిగా అడిగి చేయించాలి. ఎకరాకు 8–10 చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, అంచు మట్టి కలిపి, కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ, అరకిలో మిగిలేదాకా తగ్గించి పంపండి. ఎరువు వేసిన వెంటనే తీసిన మట్టి పనికిరాదు. కాల్షియం నిజంగా తక్కువని తేలితే వచ్చే పంటకు ఆఖరి దుక్కిలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయండి. నేల పులుపైతే జిప్సం కాదు, సున్నం వేయాలి. ఎంతో పరీక్ష చెబుతుంది.

గేదె కాల్షియం సీసా మాట వచ్చింది కనుక ఇదీ చెబుతాను: గేదె ఈనిన మూడు రోజుల్లోపు మెడ పక్కకు తిప్పుకొని లేవలేకపోతే ఆ సీసా నోట పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పశువైద్యుణ్ణి పిలవండి, కాల్షియాన్ని రక్తనాళంలోకి నెమ్మదిగా ఎక్కించాలి.

మట్టితో పాటు బోరు నీరు కూడా ఒక లీటరు శుభ్రమైన సీసాలో పంపండి. నీటిలో ఉప్పు ఎక్కువైతే వేరు నీరు లాగలేదు, అప్పుడు పైన చెప్పిన లెక్క మార్చాల్సి వస్తుంది.