రోజర్ మేరిస్ మీద రాసిన కుర్రాడికి

చిరంజీవికి,

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు రోజర్ మేరిస్ మీద నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ మేరిస్ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోయిన సంగతిని 'తీవ్ర ఒత్తిడికి గురయ్యాడు' అన్న వాక్యం చివర తగిలించి వదిలేశావే, అక్కడ ఒళ్లు మండింది. పాతికేళ్లు దాటీ దాటని మనిషికి టెన్షన్‌తో జుట్టు ఊడుతోందంటే చదివేవాడు ఒకటే అడుగుతాడు: ఎవరి వల్ల?

నువ్వు చెప్పలేదు. ఎదుటి మనిషి కనపడని కష్టాన్ని నేను నమ్మను.

1961లో మేరిస్ పాతతరం మేటి ఆటగాడు బేబ్ రూత్ రికార్డు మీదికి వెళ్తున్నాడు. 1927లో ఒక్క సీజన్‌లో రూత్ కొట్టిన 60 హోమ్ రన్లు అవి, మన క్రికెట్‌లో సిక్సర్ల లాంటివి. జులై 17న బేస్‌బాల్ కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ అడ్డుపుల్ల వేశాడు. రూత్ నాటి సీజన్‌లో 154 మ్యాచ్‌లు, ఇప్పుడు 162 కాబట్టి, 154 లోపు దాటకపోతే లెక్క విడిగా రాస్తామన్నాడు. ఈ ఫ్రిక్ ఎవరు? విలేకరిగా ఉన్న రోజుల్లో రూత్ పేరు మీద వ్యాసాలు రాసిపెట్టినవాడు, అతని స్నేహితుడు. కథంతా ఇక్కడుంటే నువ్వు స్టేడియంలో కేకలు వర్ణిస్తూ కూర్చున్నావు. కేకలెక్కడివి? అక్టోబరు 1న, సీజన్ చివరి మ్యాచ్‌లో, 61వది కొట్టిన రోజు యాంకీ స్టేడియంలో జనం 23 వేల చిల్లర. సగం కూడా నిండలేదు. సొంత జట్టు యాంకీస్ అభిమానుల్లోనే చాలామంది ఆ రికార్డు అదే జట్టులోని మికీ మాంటిల్ కొట్టాలని కోరుకున్నారు.

నువ్వు రాసినట్టు రికార్డుల్లో మేరిస్ పేరు పక్కన నక్షత్రం గుర్తేమీ పెట్టలేదు. రెండు లెక్కలు విడివిడిగా ఉంచారు, అంతే. 1991లో గానీ ఆ తేడా తీసెయ్యలేదు. మేరిస్ 1985లోనే క్యాన్సర్‌తో పోయాడు, 51 ఏళ్లకి.

ఆ గుర్తుల సంగతి నన్నడుగు. పోటీకి పంపిన నా కథని ఒక వారపత్రిక 'సాధారణ ప్రచురణకు స్వీకరించినది' అని నెత్తిన అచ్చేసి మరీ వేసింది. మా వీధిలో కథ చదివినవాళ్లు తక్కువ, ఆ ముక్క చదవనివాళ్లు లేరు. ప్రైజు కొట్టినాయన జడ్జి గారికి ఏమవుతాడో ఎడిటర్‌కి తప్ప అందరికీ తెలుసు. ఇప్పుడు నెలకో పోటీ. సరే, వదిలెయ్.

అలాగని ఫ్రిక్‌ని దుర్మార్గుణ్ని చెయ్యకు. పోయిన స్నేహితుడి పేరు నిలబడాలనుకున్నాడు. అతని వైపు నుంచి కూడా సబబే అనిపించేలా రాస్తేనే మేరిస్ బాధ మనకి తగులుతుంది. 1965లో మేరిస్‌కి తగిలిన చేతి గాయం మీద నువ్వు రాసిన పేరా మాత్రం ముట్టుకోకు.

జులై 17 నుంచి మొదలుపెట్టి తిరగరాయి. ఏ పత్రికకి పంపాలో తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో