నక్సలైట్ల లాయరా, లెక్కల సారా?

ప్రశ్న: మొన్న బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం దగ్గర బాలగోపాల్ సంస్మరణ సభ అని బ్యానర్ చూశా. ఎవరని ఇంట్లో అడిగితే నాన్న "నక్సలైట్ల లాయర్‌లే" అన్నారు, అమ్మేమో "కాదు, లెక్కల సారు" అంది. ఎవరు రైటండీ?
– ఓ డిగ్రీ స్టూడెంట్, విద్యానగర్, హైదరాబాద్

జవాబు: అమ్మకి ఫుల్ మార్కులు. నాన్నగారికి సగం కూడా కష్టమే తల్లీ.

బాలగోపాల్ 1952లో బళ్లారిలో పుట్టారు, పెద్ద పండితుడు, సంగీత విద్వాంసుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారికి మనవడు. వరంగల్ ఆర్ఈసీలో (ఇప్పటి ఎన్ఐటీ) లెక్కల్లో పీహెచ్‌డీ చేసి కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు, 1985 దాకానే. అప్పటికే పౌరహక్కుల సంఘం కార్యదర్శి. ఎక్కడ ఎన్‌కౌంటర్ జరిగిందన్నా ఆర్టీసీ బస్సెక్కి ఆ ఊరెళ్లి, చూసినవాళ్లని అడిగి రాసుకునేవాళ్లు, దాన్నే నిజనిర్ధారణ అంటారు. ఆ రోజుల్లో ఇదేం చిన్న పని కాదు. అదే సంఘం ఉపాధ్యక్షుడు డాక్టర్ రామనాథం, పిల్లల డాక్టరు, ఆయన్ని 1985 సెప్టెంబర్‌లో వరంగల్‌లో సొంత క్లినిక్‌లోనే కాల్చి చంపారు, ఓ ఎస్సై అంత్యక్రియల ఊరేగింపు అటుగా వెళ్తున్నప్పుడు. బాలగోపాల్‌ని టాడా అనే టెర్రరిస్టు నిరోధక చట్టం కింద జైల్లో పెట్టారు, 1989లో 'ప్రజాబంధు' అని పేరు పెట్టుకున్న ఓ అజ్ఞాత ముఠా కిడ్నాప్ కూడా చేసింది.

ఇదంతా విన్నాక నాన్నగారు "మరి నేనన్నదీ అదేగా" అంటారు. అక్కడే ఉంది అసలు సంగతి. పోలీసుల్ని అడిగినట్టే నక్సలైట్లనీ అడగాలి, వాళ్లు చేసే హత్యల గురించి హక్కుల సంఘం మాట్లాడకపోతే ఎట్లా అని ఆయన సంఘం లోపలే ఏళ్ల తరబడి వాదించారు, ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోలేదు, చివరికి బయటికొచ్చేసి 1998లో కొందరితో కలిసి మానవహక్కుల వేదిక పెట్టారు. అటు పోలీసులకి ముందే పడదు, ఇటు పాత స్నేహితులు కూడా తిట్టారు. నన్నడిగితే ఆయన జీవితంలో జైలు కన్నా కష్టమైన పని ఇదే.

లాయర్ అన్న మాట మాత్రం నిజమే, కానీ నల్లకోటు వేసింది నలభై దాటాకే. హైకోర్టులో ఆయన దగ్గరికొచ్చింది ఎక్కువగా ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, భూములు పోగొట్టుకున్న ఆదివాసీలు, సెజ్‌లకి (ప్రత్యేక ఆర్థిక మండళ్లకి) పొలాలు పోయిన రైతులు, ఇట్లాంటివాళ్లు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదనే 1/70 చట్టం గురించి ఆయన రాసింది చదివితే లా తెలియనివాళ్లకి కూడా అర్థమవుద్ది, లెక్కల సారు కదా, స్టెప్పు స్టెప్పుగా చెప్తారు.

2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి, ఎన్‌కౌంటర్‌లో మనిషి చస్తే కాల్చిన పోలీసుల మీద ఎఫ్ఐఆర్ పెట్టాల్సిందే, ఆత్మరక్షణో కాదో తేలాల్సింది కోర్టులో అని చెప్పింది. హక్కుల సంఘాలు ఏళ్లుగా అడిగింది ఇదే. సుప్రీంకోర్టు కొద్ది రోజులకే స్టే ఇచ్చేసిందనుకో. అదే ఏడాది అక్టోబర్ 8న బాలగోపాల్ హైదరాబాద్‌లో పోయారు, 57 ఏళ్లే.

అందుకే ఆ సభ ఏటా అక్టోబర్‌లో పెడతారు. ఈసారి నాన్నగార్ని కూడా లాక్కెళ్లు, విద్యానగర్ నుంచి ఎంత దూరమని.